గోడకు ముఖం ఎటు

వక్కిలేరు నల్లమలను వదిలి ఆళ్లగడ్డ వైపు మళ్లే చోట దొడ్డిగుట్ట ఉంది. గుట్ట నెత్తిన నలుచదరంగా ఒక రాతి గోడ. నిలువెత్తున కొంత, మోకాలెత్తున కొంత మిగిలింది. పూర్వం ఎవరో పశువులను తోలుకున్న దొడ్డి అని ఊళ్లో అందరూ అంటారు. శేషయ్య మాత్రం అది రోమను సైనికుల సరిహద్దు కోట అన్నాడు. పదకొండేళ్లుగా అంటూనే ఉన్నాడు.

సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి; ఆధారం లేకుండా అనలేదు. గుట్ట కింది చేను దున్నుతుంటే రోమను బంగారు నాణెం ఒకటి దొరికింది. రోమనులు నదుల వెంట కట్టుకున్న కోటలకు మూలలు గుండ్రంగా ఉంటాయని పుస్తకాల్లో చూశాడు. ఈ గోడకూ మూలలు గుండ్రమే. నాణెం ఏ వర్తకుడి మూటలోనైనా రావచ్చునని ఆయనకు తెలియక కాదు. తెలియనట్టు ఉండటమే ఆయనకు బాగుండేది.

ఇప్పుడు గుట్టను కంకర క్వారీకి ఇవ్వబోతున్నారు. అది రోమను కోట, కాపాడండి అని శేషయ్య అర్జీ పెట్టాడు. దాని మీద పురావస్తు శాఖ నుంచి ప్రసన్న అనే అధికారిణి వచ్చింది. కోట అని ఆమె రాస్తే గుట్ట నిలుస్తుంది. దొడ్డి అని రాస్తే పోతుంది.

దారి చూపడానికి మల్లమ్మను పిలిచారు. గూడెం మనిషి, అరవై దాటింది. వేసవిలో మైదానం రైతులు అడవికి తోలుకొచ్చే మందలకు దొడ్లు కట్టడం వాళ్లింటి పని.

ప్రసన్న గోడ చుట్టూ రెండుసార్లు తిరిగింది, కొలిచింది. రోమనులు కట్టారనడానికి ఒక్క గుర్తూ లేదని మర్యాదగానే చెప్పింది. మూలల సంగతేమిటని అడిగాడు శేషయ్య. పశువులు మూలకు చేరి ఒకదాన్నొకటి తొక్కుకోకుండా దొడ్లకూ అలాగే తిప్పుతారని, ఊరివాళ్ల మాటే నిజం కావచ్చునని అంది.

శేషయ్య బండ మీద కూలబడ్డాడు. గుట్ట పోతుందన్న బాధ కంటే తాను ఓడిపోయానన్న బాధే ముందు కలిగిందని గమనించి, తనలో తాను సిగ్గుపడ్డాడు.

మల్లమ్మ అరచేత్తో గోడను తడుముతూ లోపలికీ బయటికీ తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

“ఇది దొడ్డి గాదు మేడమ్.”

ఎందుకు కాదో చెప్పమంది ప్రసన్న.

“దొడ్డికి రాతి నున్నటి ముఖం లోపలికి పెడతాము. గొడ్డు రాసుకుంటే ఒళ్లు చీరుకోగూడదు గదా. ఈడ చూడు, లోపలంతా గరుకు. నునుపంతా బయటికి పెట్టినారు, కాలు పెట్టేదానికి సందు ల్యాకుండా.” లోయలోకి చెయ్యి చాపింది. “ఆడి నుంచి ఎక్కొచ్చే మనిషి కోసం కట్టినారు.”

శేషయ్య లేచి వచ్చాడు. ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“నన్ను ఎప్పుడన్నా ఈడికి పిల్చినావా సారూ? పదకొండేండ్లు మూలలే చూస్తాంటివి. గోడను చూసిందెప్పుడు?”

ప్రసన్న నవ్వు ఆపుకుని నాలుగు వైపులా పరీక్షించింది. నాలుగు వైపులా అంతే. లోయను కాచిన కావలి కోట కావచ్చు, తవ్వి చూడదగింది అని రాస్తానంది. ఒక్కటే చిక్కు. అర్జీ మొదటి వాక్యంలోనే రోమనులున్నారు. పైవాళ్లు అది చదివి నవ్వి పక్కన పెడతారు. పొరబడ్డానని శేషయ్యే రాసిచ్చి, కొత్త అర్జీ పెట్టుకోవాలి.

ఆళ్లగడ్డలో ఆయనను రోమను సారు అనే పిలుస్తారు. ఆ పేరు ఆయనకు ఇష్టం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, సముద్రం దాటి వచ్చినవాడు కడితేనే ఈ గుట్టకు గొప్పని తాను ఎందుకు అనుకున్నాడు? ఆ లెక్కను ఎవరూ నేర్పలేదు. తానే నేర్చుకుని, పిల్లలకూ చెప్పాడు. గోడ బయటి ముఖం మీద చెయ్యి ఆనించాడు. సున్నం లేదు, మట్టి లేదు; ఏ రాయిని ఎవరి వైపు తిప్పాలో తెలిసిన చేతులు, అంతే. ఆ తెలివి ఈనాటికీ బతికి, పక్కనే నిలబడి ఉంది. ఆయన ఛాతీ నిండింది. ఇంతటి గర్వం రోమును తలచుకున్నప్పుడు ఎన్నడూ కలగలేదు.

అక్కడే బండ మీద కాగితం పెట్టి రాశాడు. రోమను కోట అన్నది తన పొరపాటు అన్నాడు. ఈ లోయ మనుషులే కట్టారు అని రాసి, అదీ తెలియని మాటే కదా అని కొట్టేశాడు. ఎవరు కట్టారో తేలవలసి ఉందని, ఇది దొడ్డి కాదని గుర్తించినది మాత్రం దొడ్లు కట్టే మల్లమ్మ అని రాసి, పైకి చదివి వినిపించాడు.

మల్లమ్మ కాగితం మీదికి వంగింది.

“మా నాయన పేరు గూడా ఎక్కించు సారూ. నాకు రాళ్లు పేర్చేది నేర్పింది ఆయప్ప.”

ఆయన పేరేమిటో పదకొండేళ్లలో శేషయ్య అడగలేదు. ఇప్పుడు అడిగాడు. మల్లమ్మ పేరుకు ముందు, బడిలో నల్లబల్ల మీద రాసినంత పొందికగా, సుబ్బన్న కూతురు అని చేర్చి, కింద సంతకం పెట్టాడు.