కింద పట్టీ యాడ పోయె?

విజయదశమి పొద్దున ఎనిమిది గంటలకు ఆదోనిలో వెంకోబారావు పెట్టిన కేక ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఎదురుగా ఉన్న టీకొట్టు దాకా వినిపించింది.

"పట్టీ యాడ పోయె? కింద పట్టీ యాడ పోయె?"

సరస్వతీబాయి చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి పరుగెత్తింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పే టీచరు ఆమె. ఇన్నేళ్ళలో యజమాని ఇంత గట్టిగా అరవగా ఒక్కసారే వింది, అది ఆయన బొటనవేలు మిషన్‌లో ఇరుక్కున్నప్పుడు. ఈసారి వేళ్ళన్నీ బాగానే ఉన్నాయి. బాగాలేనిది కంప్యూటరు.

ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. ఎనభై తొమ్మిదో సంవత్సరం వేసవిలో బెంగుళూరు నుంచి లారీలో, గడ్డి మధ్యన పడుకోబెట్టి తెప్పించారు. ఆదోనిలో అదే మొదటిదని వెంకోబారావు లెక్క. ఫలానా ఆఫీసులో ఇంకొకటి ఉందట సార్ అని ఎవరైనా అంటే ఆ రోజంతా వాళ్ళతో మాట్లాడడు. అదేం పెద్ద మిషన్ కాదు. దాన్ని నడిపించే సరంజామా అంతా ఒకే ఒక్క ఫ్లాపీలో ఇమిడిపోతుంది. తెర అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు ఒక పట్టీ, అందులో నాలుగు గళ్ళు. ఉత్తరం రాయాలన్నా, పట్టిక గీయాలన్నా, అచ్చు తీయాలన్నా, పని ముగించాలన్నా ఆ గళ్ళలోనే నొక్కాలి. నొక్కడానికి తోక ఉన్న సబ్బుబిళ్ళలాంటి మౌస్ ఒకటి, దాన్ని ఎటు జరిపితే తెర మీద ఒక బాణం గుర్తు అటు కదులుతుంది. పట్టీ లేకపోతే మిగిలేది ఉత్త తెర. అందులో ముఖం చూసుకోవచ్చు, అంతే.

ఆ సాయంత్రం నాలుగింటికే కంప్యూటర్ క్లాసు ప్రారంభం. ఎమ్మిగనూరు నుంచి చేనేత సంఘం పెద్దలు చూడడానికి బస్సులో వస్తున్నారు. నేర్పడానికి బెంగుళూరు పిల్లవాణ్ణి పిలిపిద్దామని వెంకోబారావు అనుకుంటే, సరస్వతీబాయి ఎన్నడూ లేనిది నోరు తెరిచి, "ఒక్క నెల టైమియ్యండి సార్, నేనే నేర్చుకుంటాను" అంది. నెలంతా పుస్తకం పక్కన పెట్టుకుని కుస్తీ పట్టి నేర్చుకుంది కూడా. ఇవాళ అందరి ముందూ సరిగ్గా చూపిస్తే క్లాసు ఆమెది. లేదంటే బెంగుళూరు పిల్లవాడిది. నలభై ఆరేళ్ళ వయసులో ఒక కొత్త విద్య చేతికొచ్చిందన్న సంతోషం ఆమెకు ఎంతుందో ఎవరికీ చెప్పలేదుగానీ, దసరాకు కొన్న కొత్త చీర మాత్రం ఇవాళ్టికే దాచుకుని కట్టుకొచ్చింది.

"నిన్న దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు వెంకోబారావు.

నిన్న ఆయుధపూజ. మిషన్లన్నిటికీ సెలవు. పొద్దున దాదాపీర్ వచ్చి టైపు మిషన్లకు నూనె వేసి, తుడిచి పోయాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇన్‌స్టిట్యూట్‌కు మెకానిక్ అతనే. పోతూ పోతూ కంప్యూటరు అద్దం కూడా తుడిచాడు.

కబురు పంపితే దాదాపీర్ చేతిసంచితో వచ్చి, తెర ముందు వంగి చాలాసేపు చూశాడు.

"ఏం సేసినావప్పా దీన్ని?" అన్నాడు వెంకోబారావు.

"అద్దం తుడిసినా సార్. అంతే. గుడ్డతో తుడిస్తే పోయేదయితే అది పట్టీ యెట్లయితాది, మరక గదా?"

"ఎకసెక్కాలొద్దు! ఇవాళ నా పరువు పోతాంది. పట్టీని పోగొట్టిన సెయ్యి ఎవరిదయినా సరే, మళ్ళా ఈ కంప్యూటరు మీద పడకూడదు. మంత్రాలయం స్వామి మీద, మా రాయల మీద ఒట్టు!"

అని ఊరుకుంటే బాగుండేది. "నువ్వు టైపు మిషన్లు కూడా ముట్టుకోవద్దు, పో" అన్నాడు. దాదాపీర్ ముఖం చిన్నబోయింది. సంచి తీసుకుని వెనక గదిలోకి పోయి, ఇరవై ఏళ్ళుగా అక్కడ పోగైన స్క్రూడ్రైవర్లు, నూనెడబ్బాలు, విడిభాగాలు ఒక్కొక్కటే సర్దుకోసాగాడు.

సరస్వతీబాయి మనసులో లెక్క వేసుకుంది. మొన్న సాయంత్రం కంప్యూటరు మీద చివరిగా కూర్చున్నది తనే. లేచేటప్పుడు పట్టీ ఉందా? గుర్తు లేదు. ముసుగు కోసం వెనక్కి తిరిగింది, స్విచ్ ఆర్పి కప్పింది, ఇంటికి పోయింది.

పదింటికి బెంగుళూరుకు బుక్ చేసిన ట్రంకు కాల్ పన్నెండున్నరకు దొరికింది. గరగర శబ్దం మధ్య ఇంజనీరు కన్నడంలో ఏదో చెప్పాడు. వెంకోబారావు ఫోను పెట్టేసి నీరసంగా కూలబడ్డాడు.

"ఆర్పి మళ్ళా వేసుకోమంటాడు. వేసినాం గదా పది మార్లు! చివర ఎట్లా వదిలిపెట్టి లేస్తే మళ్ళా అట్లే తెరుచుకుంటాదంట. ఈ మాట సెప్పడానికి మూడు నిమిషాలు."

ఇక ఆయనకు తోచిన వైద్యాలన్నీ అయ్యాయి. పక్కన తట్టాడు. ఫ్లాపీ తీసి ఊదాడు. చివరికి మంత్రాలయం మృత్తిక తడిపి కంప్యూటరు నెత్తిన బొట్టు పెట్టాడు. పట్టీ రాలేదు, మట్టి మాత్రం అద్దం మీదికి కారింది. దాన్ని తుడుద్దామంటే దాదాపీరును తిట్టి పొమ్మన్న మాట గుర్తొచ్చి, తన పంచె కొంగుతోనే తుడుచుకున్నాడు.

సరస్వతీబాయి మంచినీళ్ళ కోసం వెనక గదిలోకి పోయింది. అక్కడ దాదాపీర్ తన మరమ్మతు బల్ల మీదున్న పాత మిషన్‌కు ముసుగు వేస్తున్నాడు. కుడిచేత్తో పక్కన మీట నొక్కిపట్టి, కాగితం మోసే క్యారేజీని మెల్లగా మధ్యకు జరిపి, మీట వదిలి, ముసుగు కప్పాడు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ప్రతివాళ్ళకూ మొదటిరోజు చెప్పే పాఠం అదే. మీట నొక్కు, జరుపు, మూయి, లే. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వేలమందికి చెప్పిందో.

ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. మౌస్ కింద పడకుండా బల్ల అంచున, కూర్చునేవాళ్ళ వైపు, వెంకోబారావు ఒక చెక్క గూడు చేయించాడు. మొన్న ఆ సబ్బుబిళ్ళను గూట్లోకి లాగిపెట్టింది ఈ చెయ్యే. ఎట్లా లాగింది? నొక్కిపట్టి లాగింది! బాణం గుర్తు అప్పుడు పట్టీ అంచునే ఉంది. దానితోపాటు పట్టీని కూడా కిందికి ఈడ్చేసింది.

"అయ్యో నా చెయ్యి పడిపోను!" అంది పైకే.

ఇప్పుడేం చెయ్యాలి? వెంకోబారావు భోజనానికి లేస్తున్నాడు. ఆయన అటు పోగానే పట్టీని పైకి లాగేస్తే ఎవరికీ తెలియదు. క్లాసు తనదే. మరి దాదాపీర్ సంచి భుజాన వేసుకుంటున్నాడే! ఆ కాసేపు ఆమెకు కొత్త చీర ముళ్ళలా గుచ్చుకుంది.

"దాదాపీరన్నా, ఆగు. సార్, మీరూ ఒక్క నిమిషం రండి."

ఇద్దరూ చూస్తుండగా బాణాన్ని తెర అట్టడుక్కు తీసుకుపోయింది. అక్కడ నూలుపోగంత గీత ఒకటుంది. దాని మీద నొక్కిపట్టి మౌస్‌ను ముందుకు తోసింది. పట్టీ నాలుగు గళ్ళతో సహా పైకి లేచింది.

"పోగొట్టింది నేనే సార్" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వెంకోబారావు ముఖంలో ముందు వెలుగొచ్చింది, తర్వాత ఒట్టు గుర్తొచ్చింది. దాదాపీర్ వైపు చూసి, "తప్పయిందప్పా" అని గొణిగాడు. సరస్వతీబాయితో మాత్రం, "ఒట్టంటే ఒట్టేనమ్మా. రాయల పేరు తీసినా. సాయంత్రం నేనే చూపిస్తాలే" అన్నాడు. ఆమె తలూపి, పక్కగదిలోకి పోయి, ఎవరూ లేనప్పుడు కళ్ళు తుడుచుకుంది.

నాలుగింటికి హాలు నిండింది. వెంకోబారావు ఆమె రాసిచ్చిన కాగితం చూస్తూ ఉత్తరం రాశాడు, అచ్చు తీశాడు, నాలుగో గడిలో నొక్కి పని ముగించాడు. ఎమ్మిగనూరు పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆయన ఆనందంతో పొంగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా టైపు చేసిన చెయ్యి మరి! నవ్వుతూ జనం వైపు తిరిగి, ఎడమచేత్తో ముసుగు అందుకుంటూ, కుడిచేత్తో మౌస్‌ను నొక్కిపట్టి గూట్లోకి లాగాడు.

పట్టీ అందరి కళ్ళ ముందే కిందికి జారి మాయమైంది.

వెంకోబారావు తెరను చూశాడు, తన చేతిని చూసుకున్నాడు.

"సరస్వతీబాయీ, రామ్మా ఇట్లా" అన్నాడు పీలగా.

"నా చెయ్యి పడకూడదు గదా సార్."

"మరి నా చెయ్యి..."

"మీదీ పడకూడదు సార్" అన్నాడు వెనక వరసలోంచి దాదాపీర్. "రాయల ఒట్టు! ఇంక ఈ ఇన్‌స్టిట్యూట్‌లో పట్టీని పోగొట్టని సెయ్యి ఒక్కటే మిగిలింది." అని రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించాడు.

ముందు ఎమ్మిగనూరు పెద్ద నవ్వాడు, ఆయన వెనక హాలంతా నవ్వింది. దాదాపీర్ ఠీవిగా వచ్చి, చేతులు చొక్కాకు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సరస్వతీబాయి అతని కుర్చీ పక్కన, కంప్యూటరుకు మూరెడు దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"బాణం అట్టడుక్కు తీసుకుపో అన్నా. ఆ నూలుపోగు కనపడుతుందా? దాని మీద నొక్కిపట్టు. వదలొద్దు. ఇప్పుడు ముందుకు తొయ్యి, మెల్లగా."

పట్టీ పైకి వచ్చింది. ఈసారి చప్పట్లకు పైకప్పు రేకులు అదిరాయి.

వెంకోబారావు గొంతు సవరించుకున్నాడు. "చూసినారు గదా! ముట్టుకోకుండానే నేర్పినారు మా టీచరమ్మ. ఇదే మొదటి పాఠం. క్లాసు రేపు పొద్దున ఏడుకు, ఆమెదే" అన్నాడు. తర్వాత ఆమెకు మాత్రమే వినపడేలా, "ఆ ఒట్టు సంగతి, రేపు మంత్రాలయం పోయి రాయలకు నేను సర్దిచెప్పుకుంటాలేమ్మా" అన్నాడు.

"మౌస్ గూడు కూడా తీసేయించండి సార్" అంది సరస్వతీబాయి. "ఎవరి చేతినీ నమ్మడానికి లేదు."