తనిఖీ కుర్చీ

నేను ఒక కుర్చీని. చేతులున్న టేకు కుర్చీని. ఆదోనిలో ఒక వడ్రంగి నన్ను పత్తి వ్యాపారి కోసం చేశాడు. వ్యాపారి పోయాక కొడుకులు సోఫాలు కొనుక్కుని, నన్ను ఊరి చివరి ఆడపిల్లల కేంద్రానికి దానం చేశారు. ఇంట్లో అడ్డంగా ఉన్నదాన్ని ఇచ్చేసి పుణ్యం చేశామనుకోవడం మనుషులకు ఎంత సులువో!

ఆ కేంద్రానికి రెండు గదులు, ఒక కొట్టు, ఒక రేకుల వంటిల్లు. చేలల్లో పనికి పోయి బడి మానేసిన ఆడపిల్లలను అక్కడే ఉంచి, అన్నం పెట్టి, చదవడం నేర్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించాలి. టీచరు ఖైరున్నిసా ఒక్కతే. తలలో పేలు దువ్వడం దగ్గర నుంచి గుణింతాల దాకా అన్నీ ఆమెవే. ఆమె నా మీద ఒక్కసారైనా కూర్చోలేదు. నేను వార్డెన్ లోకేశ్వరి గదిలో తువ్వాలు కప్పుకుని, ఏటా నాణ్యత చూడడానికి వచ్చే అధికారి కోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని.

ఆ రోజు పిల్లల చేత చదివించి కేంద్రానికి గ్రేడు ఇస్తారు. అందుకు లోకేశ్వరి ఒక ఏర్పాటు చేసుకుంది. పక్క హైస్కూలు నుంచి బాగా చదివే పిల్లలను నలుగురిని అరువు తెచ్చుకునేది. చదవడం రాని తన పిల్లలను బట్టలు ఉతకమని బోరు దగ్గరికి పంపేది.

"ఈసారి నేనెవరు మేడం?" అని అడిగింది పోయినేడు ఒక అరువు పిల్ల.

"నువ్వు మారెక్కవి. మర్చిపోయేవు!"

"బజ్జీలు పెడతారా?"

"ముందు చదువు. బజ్జీలు యాడికీ పోవు."

ఆ పిల్ల గడగడా చదివింది. కేంద్రానికి 'ఏ' గ్రేడు వచ్చింది. కాగితం మీద మారెక్కకు చదువు వచ్చేసింది కాబట్టి, చదువు వచ్చిన పిల్లను కేంద్రంలో ఉంచకూడదు కాబట్టి, అసలు మారెక్కను ఆరో తరగతికి పంపేశారు. దసరా రాకముందే ఆ పిల్ల బడి మానేసి, తన పెట్టె కోసం వచ్చింది.

"సారు బోర్డు మీద రాస్తాడు టీచర్. అందరూ చూసి రాస్తారు. నేను పువ్వులు గీస్తా ఉంటా," అని నవ్వింది. మర్నాటి నుంచి పత్తి చేలోకి పని. ఖైరున్నిసా ఆమెకు అన్నం పెట్టి పంపింది. ఆ పూట తాను తినలేదు.

ఇంకో టీచరు కావాలని అడిగితే, "'ఏ' గ్రేడు తెచ్చుకున్నారు కదమ్మా, ఇంకొకరెందుకు?" అన్నారట పైవాళ్ళు.

ఈ ఏడు అట్లా పేరు అరువిచ్చే వంతు ఉరుకుందమ్మది. పదకొండేళ్ళ పిల్ల. మిరప కోతల నుంచి వచ్చింది. వేళ్ళు ఇంకా మండుతున్నట్టు లంగాకు తుడుచుకుంటూనే ఉంటుంది. అక్షరాలు పట్టుబడ్డాయి, మాటలు ఇప్పుడిప్పుడే కూడుకుంటోంది. ఇప్పుడే ఆరో తరగతికి పంపేస్తే ఆమెకూ మళ్ళీ మిరప చేలే గతి.

తనిఖీకి వచ్చిన విమలమ్మ, తరగతి గదిలోకి తెచ్చి వేసిన నా మీద కూలబడి, చెప్పులు వదిలి, పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. పొద్దుటి నుంచి ఆమెకు ఇది మూడో కేంద్రం. లోకేశ్వరి వంటింట్లో బజ్జీలు వేయిస్తోంది.

"ఉరుకుందమ్మ ఎవరు?"

ముందు వరుసలో ఒక పిల్ల, చివర గోడ పక్కన ఒక పిల్ల, ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఇద్దరున్నారా?"

"ఒక్కతే మేడం. ఆ చివర పిల్ల," అంది ఖైరున్నిసా. బోరు దగ్గరికి పోబోతున్న పిల్లను పొద్దున చెయ్యి పట్టి వెనక్కి తెచ్చింది ఆమే. "నువ్వు కూర్చో తల్లీ," అంది ముందున్న పిల్లతో.

"మరి బజ్జీలో టీచర్?"

"తిందువులే, కూర్చో."

ఉరుకుందమ్మ పుస్తకం పట్టుకుంది. "మే... క. మేక. గ... గ..." అని ఆగిపోయింది. మెడ మీద చెమట పట్టింది.

"పోయినేడు ఇక్కడ పిల్లలు గడగడా చదివారే!" అంది విమలమ్మ.

"వాళ్ళు ఇప్పుడూ అట్లే చదువుతారు మేడం. పక్క బడిలో."

విమలమ్మ బరువు ఒక్కసారి నా ముందు కాళ్ళ మీదికి వచ్చింది.

"గ్రేడు పోతుంది. తెలుసా?"

"పోనీండి మేడం. ఈ పిల్లను ఇంకో ఏడు మా కాడే ఉండనీండి. చేతులు జోడిస్తా."

"చేతులెందుకమ్మా," అని విసుక్కుని, విమలమ్మ పైకి చదువుకుంటూ రాసింది: "చదవడం రాదు. మరో ఏడాది కేంద్రంలోనే ఉంచాలి." బజ్జీలు ముట్టకుండానే జీపెక్కింది.

"కొంప ముంచితివి గదే ఖైరూ!" అంది లోకేశ్వరి. "మండలంలో అందరికీ 'ఏ', మనకు 'సీ'! మీటింగులో నిలబెట్టి అడిగేది నన్ను, నిన్ను కాదు!"

"నేనూ వస్తాలే అక్కా. ఇద్దరం నిలబడదాం."

"ఊ, జోడు బొమ్మల మాదిరి!"

లోకేశ్వరి చెడ్డదేమీ కాదు. ఆమె ఉద్యోగమూ ఏటికేడు పొడిగించేదే. కానీ కోపం ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కదా, నన్ను బరబరా ఈడ్చింది. గడపకు తగిలి నా వెనక కాలు విరిగింది.

ఇప్పుడు నేను కొట్టులో బియ్యం బస్తాల పక్కన, గోడకు ఆనుకుని ఉన్నాను. రెండో టీచరు ఇంకా రాలేదు. సీ గ్రేడు కేంద్రానికి ముందు సంజాయిషీ అడగాలట, టీచరు సంగతి తర్వాతట.

ఈ గోడకు అవతల తరగతి గది. ఉరుకుందమ్మ చదవడం నాకు వినబడుతూ ఉంటుంది. ఒత్తు వచ్చినచోటల్లా ఆగుతుంది. ఖైరున్నిసా అందించదు, గద్దించదు. ఆ పిల్ల ఆగే ఉంటుంది. ఆగడానికి ఇప్పుడు ఆమెకు ఒక ఏడాది ఉంది.