కొంచెం వంగితే చాలు

ఎర్విన్ ఇంట్లో పెళ్ళాం కూర్చునే చోటు కూడా లేక నిలబడే భోంచేస్తోందని మా వీధి చివరింటి గుడ్రున్ బేకరీలో అందట. అందరూ వినేట్టే అందట. ఆ మాట నాకు మోసుకొచ్చింది బేకరీలో రొట్టెలమ్మే మార్గా. "నేను చెప్పానని అనకు సుమా. దాని నోరు మంచిది కాదు, ఊరందరికీ తెలుసు. అయినా అడుగుతున్నా, నిజమేనా రోసీ?" అంది, సంచిలో రొట్టెలు వేస్తూ. నేను నవ్వేశాను. ఇంటికొచ్చే దారి అంతా ఎగుడే. సగం ఎక్కేదాకా ఆ నవ్వు మొహం మీదే ఉంది. తర్వాత ఎక్కడ జారిపడిందో తెలీదు. గుడ్రున్ చెప్పింది అబద్ధమే. నేను నిలబడి తినను. నిలబడగలిగితే అదృష్టమే. మా ఇంట్లో నేను వంగి బతుకుతున్నాను.

పెళ్ళైన మొదటి క్రిస్మస్‌కి చెట్టు కింద గుండ్రంగా పట్టాలు పరిచి, ఒక ఇంజనూ మూడు పెట్టెలూ నడిపించాడు ఎర్విన్. మా ఊళ్ళో అందరిళ్ళలోనూ ఆ నెల రోజులు చెట్టు కింద రైలు తిరుగుతుంది. నేనూ చప్పట్లు కొట్టాను. జనవరిలో అందరూ చెట్టు తీసేసి రైలుని డబ్బాలో పెట్టి అటకెక్కిస్తారు. మేం చెట్టు మాత్రమే తీశాం. రైలు మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళి ఒక పాత తలుపుచెక్క మీద కాపురం పెట్టింది. ఆ తర్వాత బంగాళాదుంపల గాదె పోయింది. "దుంపలు కొట్లో దొరకవా?" అన్నాడు. జామ్ సీసాల అలమారా పోయింది. అక్కడ కొండ లేచింది, కొండకి సొరంగం. నేను వారం రోజులు పొయ్యి దగ్గర నిలబడి కాచిన ప్లమ్ జామ్ సీసాలు మంచం కిందకి చేరాయి. ప్రతి పుట్టినరోజుకీ ఓ ఇంజను, ప్రతి పెళ్ళిరోజుకీ ఓ ఇంజను. పెళ్ళిరోజు ఇద్దరిదీ కదా అని ఒకసారి అన్నాను. "అందుకేగా, ఇద్దరం చూసుకునేది కొన్నాను" అన్నాడు. నిజంగానే అలా నమ్మాడు. అదే నాకు మండిపోయేది.

చివరికి మిగిలింది బట్టలుతికే మూల. మిషను ఒకవైపు, ఆరేసుకునే తీగలు మరోవైపు, రెంటికీ మధ్య నడుమెత్తున అడ్డంగా ఒక చెక్క పలక, దాని మీద రెండు వరసల పట్టాలు. తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని ఆ పలక కింద నుంచి దూరి వెళ్ళాలి. "కావలసినప్పుడు ఎత్తి పక్కన పెట్టుకునేలా ఆ ముక్క విడిగా చెయ్యి ఎర్విన్" అని మొదటి నెలలోనే అడిగాను. చేతనైనవాడే, వడ్రంగం వచ్చినవాడే. "అతుకు పెడితే రైలు కుదుపుతుంది రోసీ. నువ్వు కొంచెం వంగితే చాలుగా" అన్నాడు. రైలు కుదపకూడదు. అందుకని ఇరవై రెండేళ్ళు నేను వంగాను. వారానికి నాలుగు ఉతుకులు, ఒక్కో ఉతుక్కి రానూ పోనూ రెండుసార్లు. పోయిన ఏడాది నడుం పట్టేస్తే డాక్టరు ఎముకల ఫొటో చూసి, "ఏం పని చేస్తారమ్మా, గనిలోనా?" అనడిగాడు. "బట్టలు ఉతుకుతాను" అన్నాను. జోకనుకుని నవ్వాడు. ఆ నడుముతోనే పరదాల షాపు వాళ్ళకి అంచులు కుట్టి ఇస్తాను. ఆ షాపాయన నా ముందే గిరాకీలతో "మా దగ్గర కుట్టుపని చేసే ఆవిడ" అంటాడు తప్ప, పదకొండేళ్ళలో నా పేరు ఒక్కసారీ నోట పెట్టలేదు.

ఆ రైళ్ళ ఊళ్ళో నాకు పనేం లేదని కాదు. చిటికెన వేలి గోరుకన్నా కాస్త పొడుగుండే బొమ్మ మనుషులున్నారు చూడండి, వాళ్ళు డబ్బాలోంచి తెల్లగా వస్తారు, పిండితో చేసినట్టు, కళ్ళూ మొహం లేకుండా. రంగులు మనమే వేసుకోవాలి. ఎర్విన్ వేళ్ళు లావు. "నీ చెయ్యి సూది చెయ్యి కదా" అని మొదటి డబ్బా నాకిచ్చాడు. నాలుగు వెంట్రుకల కుంచె పట్టుకుని, భూతద్దం కింద, చలికాలపు మధ్యాహ్నాలన్నీ నేను మనుషుల్ని పుట్టించాను. స్టేషన్ మాస్టరుకి బట్టతల పెట్టాను. మా అమ్మని నీలి తలగుడ్డతో మూడో ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టాను. గుడ్రున్‌ని మందులషాపు ముందు బెంచీ మీద నోరు తెరిచి పెట్టాను, ఈ సంగతి ఆవిడకి తెలీదు. నాలుగు వందల పైచిలుకు మనుషులు, ఒకరిలా ఒకరుండరు. వాళ్ళ కాళ్ళ కింద మైనం చుక్క పెట్టి నిలబెట్టింది కూడా నేనే. జిల్లా పేపరువాళ్ళొచ్చి ఫొటో తీసి, 'ఎర్విన్ చేతుల్లోంచి పుట్టిన లోకం' అని రాశారు. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. కేకు పళ్ళెం పట్టుకున్న మోచెయ్యి ఒకటి కుడిపక్కన కనిపిస్తుంది, అది నాది.

నాకంటూ మిగిలింది ఒక్క గది. ఇల్లు వాలు మీద కట్టింది కాబట్టి నేలమాళిగ వెనకభాగం తోటలోకి తెరుచుకుంటుంది. మామగారి రోజుల్లో అక్కడ ఆపిల్ కల్లు పీపాలుండేవి. ఆయన పోయాక పీపాలు అమ్మేశారు, పులిసిన వాసన మిగిలింది. నేను మూడుసార్లు సున్నం కొట్టి ఆ వాసన పోగొట్టుకున్నాను. కుట్టుమిషను, ఒక బల్ల, ఒక కుర్చీ, ఆపిల్ చెట్లకేసి ఒక కిటికీ. ఆ గదికి నేను తోటవైపు తలుపులోంచి వెళ్తాను, తల ఎత్తుకుని. ఇంట్లో నేను వంగకుండా వెళ్ళగలిగే చోటు అదొక్కటే. "పీపాలు పడుండే చోట ఇప్పుడిది పడుంటోంది" అని మా అత్తగారు లీనా నవ్వేది. పడున్నా పరవాలేదు, పడుంది నా చోట్లో కదా అనుకునేదాన్ని.

మా వైపు ఊడ్పు వారం అని ఒకటుంది. ఒక ఇంట్లో రెండు కాపురాలుంటే మెట్లూ వాకిలీ ఇంటి ముందు వీధీ ఒక్కో వారం ఒకరు ఊడవాలి. ఎవరి వంతైతే వాళ్ళ తలుపు మేకుకి చిన్న చెక్కపలక వేలాడుతుంది, శనివారం దాన్ని అవతలి తలుపుకి మార్చాలి. వీధి అద్దంలా ఉన్నా సరే ఊడవాల్సిందే, కిటికీ పరదాల వెనక కళ్ళుంటాయి. కింద వాటా అత్తగారిది, పైది మాది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులొచ్చిన దగ్గర్నుంచీ పలక మా తలుపు మేకు దిగలేదు. పలక మీద పేరు రాసి ఉండదు గానీ, ఊడ్చేది ఎవరో రాయక్కర్లేకుండానే అందరికీ తెలుసు. ఎర్విన్ మగాడు. మగాడు చీపురు పడితే గుడ్రున్‌కి నెల రోజులు పండగే.

ఒక శనివారం నేను గంటసేపు వీధి ఊడ్చి, గేటు కడిగి, చీపురు పెట్టడానికి కిందకి దిగాను. నా గదిలో గోడకి చిల్లుంది. తల పట్టేంత చిల్లు, సరిగ్గా బల్ల ఎత్తున. నా కుట్టుమిషను మీద, మడతపెట్టిన తెల్ల పరదాల మీద, కుర్చీ మీద సున్నం, ఇటుక పొడి. చిల్లుకి అవతల ఎర్విన్ మొహం, చెమటతో, చిన్నపిల్లాడిలా మెరుస్తూ. నేను వీధిలో ఉండే ఆ గంట కోసమే కాచుకున్నాడు.

"నాలుగో స్టేషన్ ఇక్కడొస్తుంది రోసీ. అవతల అంగుళం చోటు లేదు, చూస్తున్నావుగా. మా రైలుబొమ్మల క్లబ్బు వాళ్ళు వచ్చే శనివారం వస్తున్నారు, వాళ్ళకి ఈ దారి చూపించాలి."

"ఇది నా గది."

"గది ఎక్కడికి పోతుంది? గోడ వెంబడి ఒక పలకే కదా. నువ్వు మిషను వంటింట్లో పెట్టుకో. సూదీ దారానికి ఎంత చోటు కావాలి?"

"నన్ను అడగలేదు నువ్వు."

"అడిగితే వద్దంటావని అడగలేదు" అన్నాడు, ఎంతో న్యాయంగా. తర్వాత నేల మీది పొడి చూసి, "అది కాస్త ఊడ్చెయ్. ఎలాగూ నీ వారమేగా" అన్నాడు.

చిల్లు కన్నా ఆ మాట నాకు లోతుగా దిగింది. నేను పైకెళ్ళి మా తలుపు మేకు నుంచి పలక తీసి, రైళ్ళ గది తలుపుకి తగిలించాను. గంట తిరక్కుండా ఎర్విన్ దాన్ని పట్టుకుని వంటింట్లోకొచ్చాడు. "కింద మర్చిపోయావ్" అని బల్ల మీద పెట్టి వెళ్ళాడు. కోపంగా కాదు, జాగ్రత్తగా, పోయిన వస్తువు దొరికినట్టు. కాఫీకి పైకొచ్చిన అత్తగారు అంతా విని, "మగాడు తాగొస్తున్నాడా, తిరుగుతున్నాడా? ఇంట్లో రైళ్ళాడుకుంటున్నాడు. చేతులెత్తి మొక్కాలి నువ్వు" అంది. ముప్పై ఏళ్ళుగా ఇదే కొలబద్ద మాకు. కొట్టనివాడు, తాగనివాడు. ఆ లెక్కన మా కుర్చీ కూడా మంచిదే, ఎప్పుడూ నన్ను కొట్టలేదు.

క్లబ్బు వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే నేను బంగాళాదుంపల సలాడ్ కలిపాను, ప్లమ్ కేకు కాల్చాను. ఎర్విన్ పట్టాలన్నీ ముందు రోజే తుడిచి పెట్టుకుని, నీలం కోటు తొడుక్కుని, వాళ్ళతో భోంచేసి కార్లో తీసుకురావడానికి క్లబ్బుకెళ్ళాడు. తన కొండలకి తెచ్చుకున్న గచ్చు పొడి సంచి మూలనే ఉంది. బకెట్లో కలిపాను. ఇటుక ముక్కలు కూరి చిల్లు పూడ్చి, పరదా అంచు తీర్చినంత శ్రద్ధగా రెండువైపులా నున్నగా రాశాను. వాళ్ళు రావడానికి ఇంకా మూడు గంటల టైముంది. కుట్టుబల్ల మీది పట్టకారు తీసుకుని రైళ్ళ గదిలోకి వెళ్ళాను. ముందు మా అమ్మని తీశాను.

మూడింటికి కారు ఆగింది. క్లబ్బు పెద్ద ఫోక్మార్ గారు, ఆయన వెనక ముగ్గురు, చివర ఎర్విన్. కేకు తర్వాత తిందామన్నారు, రైళ్ళు చూడందే మనసు నిలవదట. ఒక్కొక్కరే నడుం వంచి పట్టాల పలక కింద నుంచి దూరారు. ఫోక్మార్ గారు లేస్తూ అమ్మా అని మూలిగారు. "అలవాటైపోతుంది సార్" అని నవ్వాడు ఎర్విన్, మీట నొక్కాడు. దీపాలు వెలిగాయి. సొరంగంలోంచి ఎర్ర ఇంజను వచ్చి పెద్ద స్టేషన్‌లో ఆగింది. ఎవరూ దిగలేదు. ఎక్కడానికీ ఎవరూ లేరు. మందులషాపు ముందు బెంచీ ఖాళీ, చర్చి మెట్లు ఖాళీ, సంతలో బుట్టలున్నాయి, అమ్మేవాళ్ళు లేరు. ప్లేగు వచ్చిపోయిన ఊరిలా ఉంది. ఎర్విన్ చిల్లుండాల్సిన చోట గోడని అరచేత్తో తడిమాడు. అది ఇంకా తడిగా ఉంది.

ఫోక్మార్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఎర్విన్, మనుషులేరయ్యా?"

ఎర్విన్ నాకేసి చూశాడు. మెట్ల మీద నుంచి అత్తగారు, "ఏం చేశావే?" అంది. నేను పలకకి ఇవతలే, బుట్ట చంకన పెట్టుకుని, నిటారుగా నిలబడి ఉన్నాను.

"నా గదిలో ఉన్నారు" అన్నాను. "వాళ్ళకి నడుం వంగదు. ఇవాళ్టి నుంచి నాకూ వంగదు. బట్టలు ఆరెయ్యాలి, ముందు ఈ పలక కొయ్యండి."