ఇద్దరం రాసే పేజీ

కాఫీ పళ్ళ డబ్బులు చేతికి వచ్చాక ఫోన్ కొందామని నాన్న నన్ను అరకు సంతకు తీసుకెళ్ళాడు. నాకు ఎలాంటి ఫోన్ కావాలో ముందే తెలుసు. కెమెరా ఎలా ఉన్నా ఫరవాలేదు. సిగ్నల్ లేనిచోట రాసింది లోపల దాచుకుని, సిగ్నల్ తగలగానే పంపేయాలి. మధ్యలో ఆగిపోకూడదు. అయితే ఆ సంగతి దుకాణంలో పైకి చెప్పడానికి నాకు నోరు రావాలి కదా.

దుకాణం సాయిదుర్గ గారిది. కింద మైదానం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆవిడ.

"ఏటి బాబూ, ఎవరికి ఫోను? గుంటకేనా?" అని నన్ను చూపిస్తూ అడిగింది.

"ఇంటికమ్మా. టార్చి గట్టిగా ఎలగాల. పాట పెడితే మిరియం తోటలోకి ఇనబడాల" అన్నాడు నాన్న.

"అయితే ఫోనెందుకు? ఓ పెట్రోమాక్సు లైటూ, ఓ డప్పూ కొనుక్కో."

నాన్న పెద్దగా నవ్వాడు. ఆవిడ తీసి చూపించిన ఫోన్లను రెండు అరచేతుల్లో పెట్టుకుని తూచాడు. "ఇది మరీ తేలిగ్గా ఉంది. లోపల ఏటీ లేదేమో."

"బరువు సూసి కొనడానికి ఇదేటి, పనసకాయా?"

నేను నాన్న చొక్కా లాగి చెవిలో చెప్పాను. "మెమొరీ ఎంతని అడుగుతంది" అన్నాడు నాన్న ఆవిడతో.

"నన్నే అడగమ్మా. నేను కరవను."

చివరికి తల వంచుకునే అడిగాను. మెమొరీ ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, మా కొండ మీద దొరికే ఆ ఒక్క సిమ్ ఇందులో బాగా పనిచేస్తుందా, తెలుగు టైపు చేస్తుంటే నత్తలా నడుస్తుందా. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, ముందు పెట్టిన మెరిసే ఫోన్లన్నీ పక్కకు జరిపింది. కింది అరలోంచి ఒక పాత మోడల్ తీసింది. "రంగు బాగోదు. కానీ నువ్వడిగినవన్నీ దీన్లో ఉన్నాయి" అంది. అదే కొన్నాం.

ఇదంతా నేస్తం కోసం.

మా వైపు ఇద్దరు నేస్తరికం కట్టుకుంటే ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. చిన్నప్పుడు చైత్రంలో వచ్చే ఇటుకల పండగలో పెద్దవాళ్ళ ముందు ఒకరి తలలో ఒకరం పూలు పెట్టుకున్నాం. అప్పటి నుంచి తను నాకు నేస్తం, నేను తనకు నేస్తం. పొరపాటున పేరు పలికితే తప్పు కట్టాలి, అంటే కొబ్బరికాయ తెచ్చి ఇవ్వాలి. బడిలో సారు "నీ పక్కన ఎవరు రాలేదు?" అని అడిగితే నేను ఖాళీ చోటు వైపు వేలు చూపించేదాన్ని. క్లాసంతా నవ్వేది. అందుకే ఇక్కడ కూడా తన పేరు రాయడం లేదు.

పదో తరగతి అయ్యాక నేస్తం ఇంటర్ చదవడానికి విశాఖపట్నం వెళ్ళింది. అమ్మ మోకాళ్ళు బాగాలేక నేను ఉండిపోయాను. తనతో తప్ప నేను ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడింది లేదు. తను వెళ్ళాక ఆ మాటలన్నీ నాలోనే ఉండిపోయాయి. కొన్ని డైరీలో రాసేదాన్ని, కానీ డైరీ "ఆఁ, తర్వాత?" అనదు.

మా ఊళ్ళో సిగ్నల్ వచ్చేది ఒక్కచోటే. ఊరి పైన, టైడా వైపు పోయే రైలు పట్టాలు కనిపించే బండ మీద. సాయంత్రమైతే ఫోన్లున్నవాళ్ళంతా అక్కడే ఉంటారు. యర్రమ్మత్త కొడుకు డొంకరాయిలో పని చేస్తాడు. ఆవిడ అతనితో మాట్లాడుతుంటే ఫోన్ లేకపోయినా అతనికి వినబడుతుందేమో అనిపిస్తుంది. అందరి మధ్య నిలబడి నేను నేస్తంతో ఏం మాట్లాడగలను? నాన్న పాత ఫోన్లో తను చేసినప్పుడల్లా "ఊఁ" అనీ "బాగున్నా" అనీ మాత్రమే అనేదాన్ని.

దసరా సెలవులకు వచ్చినప్పుడు నేస్తమే తన ఫోన్లో ఒక డాక్యుమెంట్ తెరిచి చూపించింది. "ఇది మనిద్దరి కాగితం. నువ్వక్కడ రాత్తే నాకిక్కడ కనబడతాది. ఇద్దరం ఒక్కసారే తెరిత్తే రాసేచోట ఎవరి గీత వాళ్ళకి ఆడుతాది, పైన పేరు కూడా పడతాది. నువ్వు నోరు తెరవక్కర్లేదు. సంతోసమేనా?" నాకో మెయిల్ కూడా తయారుచేసి పెట్టి వెళ్ళింది.

కొత్త ఫోన్ వచ్చాక మొదట ఆ పేజీనే సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా పెట్టుకున్నాను. ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని రాసి, సాయంత్రం బండ ఎక్కితే నాది వెళ్ళిపోయేది, తనది దిగేది. హాస్టల్లో చారు వేడినీళ్ళలా ఉంటుందని రాసేది. సముద్రం చూడటం కన్నా వినడం బాగుంటుందని రాసేది. అకాల వానకు ముందే పూసిన కాఫీ పూల ఫొటో నేను పేజీలోనే అతికించాను. దాని పక్కన "వాసన కూడా పంపు నేస్తం" అని కామెంట్ పెట్టింది.

తెలుగు మాట గుర్తుపట్టే ఫైలు బండ మీద దించుకుంటే, తోటలో చేతులు ఖాళీ లేనప్పుడు మైకు గుర్తు నొక్కి మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని ఒక రోజు కనిపెట్టాను. ముందు సిగ్గేసింది. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు తప్ప ఎవరూ లేరని చూసుకుని మొదలుపెట్టాను. అలా చాలాసేపు మాట్లాడాను. ఇంతసేపు మాట్లాడగలనని నాకే తెలియదు.

సంక్రాంతి దాటాక తన రాతలు తగ్గాయి. ఒక వారం రెండు వాక్యాలు, ఇంకో వారం అవీ లేవు. నేను మాత్రం రాస్తూనే ఉన్నాను. ఒకసారి వెతికే చోట "నేస్తం" అని కొట్టి చూశాను. ఆ మాట ఉన్నచోటల్లా పసుపు రంగు పడింది. పేజీ పైభాగంలో తనవీ నావీ కలిసి ఉన్నాయి. కిందికి వస్తుంటే అన్నీ నేను రాసినవే.

తనకు చదువు ఎక్కువైందని సర్దుకున్నాను. ఇద్దరం ఒక్కసారి ఒకే సమయంలో పేజీ మీద కలిస్తే చాలు, మళ్ళీ మొదటిలా అవుతుందనిపించింది. అందుకని పొద్దువాలక ముందే బండ ఎక్కి, చీకటి పడేదాకా పేజీ తెరిచి కూర్చునేదాన్ని.

"ఏటే గుంటా, మాటా లేదు, పలుకూ లేదు. దాన్నలా సూత్తే గుడ్డు పెడతాదేటి?" అనేది యర్రమ్మత్త.

నిన్న సాయంత్రం నా గీతకు కింద గులాబీ రంగు గీత ఒకటి కనిపించింది. పైన నేస్తం పేరు. ఏదైనా రాస్తే ఆ గీత బెదిరి పోతుందేమోనని కదలకుండా ఉన్నాను. అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"కనకా, ఎలా ఉన్నావ్?"

నేస్తం నన్ను పేరు పెట్టి పిలవదు. ఇంకెవరో తన ఫోన్ తీసుకుని రాస్తున్నారనుకున్నాను. "ఎవరు?" అని రాశాను.

"నేనే. అలా అడిగావేంటి? పరీక్షలు, అస్సలు టైం లేదు."

అయితే నన్ను ఆట పట్టిస్తోందన్నమాట. నవ్వొచ్చింది. "తప్పు కట్టాలి" అని రాశాను.

గులాబీ గీత మళ్ళీ కదిలింది.

"ఏం తప్పు?"

ఇంతలో తనకే గుర్తొచ్చినట్టుంది.

"ఓ, అదా! ఇక్కడ అందరం పేర్లతోనే పిలుచుకుంటాం కదా, అలవాటైపోయింది. నువ్వు కూడా నన్ను పేరుతోనే పిలువు. ఏం కాదు."

తన మాట కాదనడం నాకు ఎప్పుడూ చేతకాదు. మొదటి అక్షరం కొట్టాను. మిగతా పేరంతా కీబోర్డే కింద తెచ్చి చూపించింది. వేలితో తాకితే చాలు. తాకలేదు. ఆ ఒక్క అక్షరం కూడా చెరిపేసి, "పరీక్షలు బాగా రాయి" అని రాశాను.

"థాంక్స్!" అంది. గులాబీ గీత మాయమైంది.

"ఏడుత్తన్నావేటే?" అంది యర్రమ్మత్త, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని.

"లేదత్తా. పొగ."

"ఈ బండ మీద పొగేటి? పద, బేగి దిగు, మంచు కమ్ముతంది."

ఆవిడను ముందు వెళ్ళమన్నాను. మెనూలో "కాపీ చెయ్యి" అని ఉంటుంది. నొక్కాను. ఇంతకు ముందు చూసేవాళ్ళకే ఈ కాపీ కూడా ఇవ్వాలా అని అడిగింది. ఆ గడి ఖాళీగానే వదిలేశాను. అచ్చం అలాంటిదే ఇంకో పేజీ వచ్చింది. కాఫీ పూలు, వేడినీళ్ళ చారు, అన్నీ ఉన్నాయి. నేను తప్ప దాన్ని ఎవరూ తెరవలేరు.

ఇవాళ పాత పేజీలో "మిరియాలు కోశాం. అమ్మ బాగానే ఉంది. నువ్వు?" అని రాశాను. ఎవరి పేరూ లేకుండా. రెండోదాంట్లో "నేస్తం" అని మొదలుపెట్టి నిన్నటి సంగతంతా రాశాను. దానికి సిగ్నల్‌తో పని లేదు, ఇంట్లో కూర్చుని కూడా రాసుకోవచ్చు. అయినా బండ ఎక్కే రాశాను.