పన్నెండో గోలీ

వీధిలోంచి చూస్తే ఆ మేడ పై అంతస్తుకు ఏడు కిటికీలు. లోపలికి వెళ్ళి చూస్తే నాలుగే. మిగతా మూడూ ఇటుక గోడకు చట్రాలు బిగించి, అద్దాల్లా రంగు వేసిన గుడ్డి కిటికీలు. లాడ్జి అని పిలుచుకునే రహస్య సోదర సంఘం సభలు బయటివాళ్ళ కంట పడకుండా డెబ్బై ఏళ్ళ కిందటి సోదరులు చేసుకున్న ఏర్పాటు అది. కింద ఇనుప సామాను దుకాణం, పైన హాలు. ఆ దొంగ అద్దాలకు ముప్ఫై ఏళ్ళుగా రంగు వేస్తున్నది హార్లన్. నిచ్చెన పట్టుకునేది వెండెల్.

హార్లన్ లాడ్జి ద్వారపాలకుడు. సభ సాగినంతసేపూ మొండి కత్తి ఒళ్ళో పెట్టుకుని తలుపు బయట కూర్చోవాలి. ఓటు వేళ మాత్రం ఒక సోదరుడు వచ్చి కత్తి అందుకుంటాడు. అప్పుడతను లోపలికి వెళ్ళి పెట్టెలో తన గోలీ వేసి వస్తాడు. తెల్లది అంటే 'సరే', నల్లది అంటే 'కాదు'. ఒక్క నల్లగోలీ పడితే ఎంతటి తీర్మానమైనా వీగిపోతుంది.

ఆ శనివారం మధ్యాహ్నం తీర్మానం మేడ అమ్మకం గురించే. కొనేవాళ్ళు కూలగొట్టి పెట్రోలు బంకు పెడతారట. హార్లన్ ఏ రంగు గోలీ వేస్తాడో ఊరందరికీ తెలుసు.

మెట్లెక్కుతూ వెండెల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మొహం అలా పెట్టావేంరా? కత్తి తీసుకోవడానికి నేనొస్తాగా."

"మరిచిపోతావేమో. పెళ్ళిరోజే గుర్తుండదు నీకు."

"పెళ్ళిరోజు ఏడాదికోసారి. నీ సణుగుడు రోజూ ఉండేదే, ఎలా మరుస్తాన్రా?"

తలుపు మూసుకుంది.

గంట గడిచింది. గోడలోని గాలి కంతలోంచి మాటలు వినిపించవు గాని, చెక్క పెట్టెలో గోలీ దొర్లితే ఆ చప్పుడు స్పష్టంగా వస్తుంది. టక్. హార్లన్ లేచి టై సర్దుకున్నాడు. టక్, టక్... పదకొండు. లోపల ఉన్నదీ పదకొండు మందే. కత్తి పిడి తలుపు వైపు తిప్పి పట్టుకున్నాడు, అందుకునేవాడికి వీలుగా.

తలుపు తెరుచుకోలేదు. అధ్యక్షుడి సుత్తి దెబ్బ వినబడింది. ఆ వెంటనే లోపలి నుంచి తలుపు మీద మూడు తట్లు.

సభ ముగించే ముందు అలా తడతారు. బయట అంతా క్షేమమని ద్వారపాలకుడు తిరిగి మూడు తట్టాలి. తట్టకపోతే సభ ముగియదు, తీర్మానం నిలవదు.

హార్లన్ తట్టలేదు.

తలుపులోని చిన్న గవాక్షం తెరుచుకుంది. వెండెల్ కళ్ళు.

"తట్టరా."

"నా గోలీ ఏది?"

"వేస్తే నల్లది వేస్తావు. పైకప్పు కారుతోంది. మెట్లు ఎక్కలేకపోతున్నాం. అందరం ముసలాళ్ళమైపోయాం."

"వస్తానన్నావు కదరా."

వెండెల్ గవాక్షంలోంచి చెయ్యి బయటికి చాపాడు. ఎప్పుడో సున్నంతో కాలిన మచ్చ ఉన్న చెయ్యి అది. కాలిన రోజు దాన్ని నీళ్ళతో కడిగి కట్టు కట్టింది హార్లనే. ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంగి, తలుపుకు బయటి వైపు మూడుసార్లు తట్టింది.

పట్టుకుంటే దొరికేది. హార్లన్ పట్టుకోలేదు.

"బయట అంతా క్షేమం," అన్నాడు లోపల ఎవరో.