మెలాతి పేట ఖాళీ స్థలం కాదు

సుమియాతి తల్లి నడిపే టిఫిన్ కొట్టును బుల్డోజర్ కూలదోయడం ఖాసిం కళ్లారా చూశాడు. చూసింది ఫోన్లో. అది జరుగుతున్నది సముద్రాల అవతల, ఇండోనేషియాలోని సెమరాంగ్ నగరంలో. ఖాసిం నిలబడి ఉన్నది దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, హోటళ్ల దుప్పట్లు ఉతికే ఫ్యాక్టరీ ఇస్త్రీ హాల్లో. దుప్పటి ఒక కొస అతను పట్టుకుంటే రెండో కొస సుమియాతి పట్టుకుని మిషన్‌కు అందిస్తుంది. ఆ రోజు ఆమె కొస చేజారింది.

ఏమైందని తొంగి చూస్తే, ఆమె ఫోన్లో ఒక ముసలామె వంట గిన్నె ఒకటి గుండెకు హత్తుకుని రేకుల కప్పు కింది నుంచి బయటికి వస్తోంది. ఆమె దాటీ దాటకముందే కప్పు కూలింది. వెనకాల పెద్ద బోర్డు, దాని మీద తెల్లటి ఇళ్ల బొమ్మలు, ఒక కంపెనీ పేరు. ఆ పేరు ఖాసింకు తెలుసు. అదే పేరున్న కాగితం కూలీల క్యాంపులో అతని మంచం కింద పెట్టెలో ఉంది.

అంతలో సూపర్‌వైజర్ వచ్చి ఫోను లాక్కుని మురికి బట్టల బండిలోకి విసిరేశాడు. ఏడవాలనుకుంటే ఇంటికెళ్లి ఏడవమన్నాడు. సుమియాతి తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుని, జారిన కొస మళ్లీ పట్టుకుంది. సాయంత్రం దాకా ఇద్దరూ తలెత్తకుండా పని చేశారు.

ఆ కాగితం అతని పెట్టెలోకి ఎలా వచ్చిందంటే, రామచంద్రరావు వల్ల వచ్చింది. ఆయనది విజయవాడ. ఫ్యాక్టరీలో మనుషుల వ్యవహారాలన్నీ చూసే మేనేజరు. కరోనా రోజుల్లో క్యాంపు గేటు మూసి లోపలివాళ్లను లోపలే ఉంచినప్పుడు, బియ్యం బస్తాలు తెచ్చి గేటు దగ్గర నిలబడి, "భయపడకండి, నేనున్నాను" అని తెలుగులో చెప్పిన మనిషి. ఊపిరాడని ఫకీర్ సాహెబ్‌ను సొంత కారులో ఆస్పత్రికి చేర్చిన మనిషి. అందుకే ఆ మరుసటి ఏడాది ఒక సెలవు రోజున బర్ దుబాయ్‌లో హోటల్ మేడ మీదికి పిలిచి పటం పరిచినప్పుడు, ఎవరూ పటం చూడలేదు. ఆయన ముఖం చూశారు.

సెమరాంగ్ అనే పెద్ద ఊరు, రేవు పట్నం, అందులో ఒక పేట అన్నాడాయన. అక్కడ తలా ఒక ఇల్లు. మీరు వెళ్లేదాకా అద్దె వస్తుంది, ఒంట్లో సత్తువ తగ్గాక వెళ్లి ఉండొచ్చు. అజాన్ వినిపిస్తుంది, తినేది అన్నమే. ఇప్పుడది ఖాళీ స్థలం, చెట్టూ పుట్టా తప్ప ఏమీ లేదు. ధర పెరిగిపోతుంది కాబట్టి బయట ఎవరికీ చెప్పొద్దు. జీతంలోంచే నెలనెలా పట్టుకుంటాం, మీకు శ్రమ ఉండదు.

నలభై ఒక్కమంది చేరారు. ఖాసింకు రాయచోటిలో సొంత గోడ అంటూ ఒక్కటీ లేదు. భార్య జైబున్నీసాకు ఫోన్లో ఆ తెల్లటి ఇంటి బొమ్మ పంపితే, వంటింటి కిటికీ ఏ దిక్కుకు పెడతారో కనుక్కోమని అడిగింది. అప్పట్నించీ అతను ఆ ఇంట్లోనే బతికాడు. సుమియాతిది ఆ ఊరేనని తెలిసి ఆమె దగ్గర వాళ్ల భాష మాటలు నేర్చుకున్నాడు. ఎందుకు నేర్చుకుంటున్నాడో మాత్రం, మాటిచ్చాడు గనుక, చెప్పలేదు.

కొట్టు కూలిన మర్నాడు మధ్యాహ్నం బాయిలర్ వెనక నీడలో ఆమెను అడిగాడు. ఆమె క్యాంపు హిందీలో చెప్పుకొచ్చింది. వాళ్ల పేట పేరు మెలాతి. మెలాతి అంటే మల్లెపువ్వు. సముద్రం పోటెత్తినప్పుడల్లా సందుల్లోకి నీళ్లొస్తాయి. వచ్చిన ప్రతిసారీ జనం తమ ఇంటి నేల కాస్త ఎత్తు చేసుకుంటారు. వాళ్ల అమ్మమ్మ కాలం నుంచీ అలా ఎత్తు చేసుకుంటూనే బతుకుతున్నారు. మూడు నెలల కిందట మసీదు గోడకు నోటీసు అంటించారు. దుబాయ్‌లో ఉండే ఇండియా షావుకార్లు ఈ నేల కొన్నారు, ఖాళీ చేయించమని వాళ్లే కోర్టుకెళ్లారు అని.

ఆ నోటీసు ఫొటో ఆమె పెద్దది చేసి చూపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో పేర్ల వరుస. అంజి, జగిత్యాల. ఫకీర్ సాహెబ్, నెల్లూరు. ఇంకా కిందికి జరిపితే ఖాసిం, తండ్రి పేరు, రాయచోటి.

అతని వేలు అక్కడ ఆగడం ఆమె చూసింది.

"తుమ్ మాలిక్ హై?" అని అడిగింది.

నలభై ఏళ్ల బతుకులో ఖాసింను మాలిక్ అని, యజమాని అని ఎవరూ పిలవలేదు. మొదటిసారి పిలిచిన మనిషి తల్లి కొట్టు కూలిపోయి ఉంది. ఆమె ఫోను తీసుకుని వెళ్లిపోయింది. ఆ పూట అతని ఎదుట వేరే మనిషి దుప్పటి కొస పట్టుకుంది.

ఆదివారం క్యాంపు మెస్‌లో మిగతా నలభైమందినీ కూర్చోబెట్టి ఖాసిం ఉన్నదంతా చెప్పాడు. తను కోర్టుకు వెళ్లలేదని, కోర్టు ఎక్కడుందో కూడా తెలియదని చెప్పాడు. మేమూ వెళ్లలేదని తలా ఒకరు అన్నారు. పైగా ఆ దేశంలో పరాయివాడికి నేల మీద పూర్తి హక్కు రాదని సుమియాతి తోటి ఆడవాళ్లు చెప్పారని అనేసరికి మెస్ అంతా గోలెత్తిపోయింది.

బాయిలర్ నడిపే అంజి లేచాడు.

"మునిగింది మనం. ముందుగాల మన సంగతి సూడుండ్రి. ఆల్ల ఇండ్లు కూలితే మనమేం జేస్తం? మనం గూలగొట్టినమా?"

"మన పేరు మీద కూలగొట్న్యారు అంజీ," అన్నాడు ఖాసిం. "ఆ యమ్మి నన్ను మాలిక్ అని అడిగె. కాదని యా నోటితో చెప్పేది? మన జీతంలో పట్టుకున్న దుడ్డే గదా ఆ బుల్డోజరుకు పోసింది."

వాదన చాలాసేపు నడిచింది. మన బాధే మనకు చాలునని సగం మంది, వాళ్లూ మనలాంటి కూలీలేనని సగం మంది. ఎవరు పిలిచారో గాని రామచంద్రరావే వచ్చాడు. చేతిలో కాగితాల కట్ట ఉంది. ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు. అక్కడున్నది ఆక్రమించుకున్న జనమనీ, కోర్టు పని త్వరగా తెమలడానికే పేర్లు ఇచ్చామనీ, ఖాళీ చేయించడానికి ఒప్పుకున్నట్టు అంగీకార పత్రం మీద సంతకం పెట్టినవాళ్ల ఇళ్లే ముందు కడతారనీ చెప్పాడు.

"ఖాళీ స్థలం అంటిరి గదా సార్," అన్నాడు ఖాసిం. "ఖాళీ అయితే బుల్డోజర్ ఎందుకు?"

"నీకు కావాల్సింది ఇల్లా, గొడవా? మీ మంచికే చెప్తున్నా. వీసాలు నా చేతిలో ఉన్నాయి, అది మర్చిపోకండి."

ఈసారి ఆయన గొంతు మెత్తగా లేదు. అప్పుడు ఫకీర్ సాహెబ్ గోడ పట్టుకుని నిదానంగా లేచాడు. ఇరవై ఆరేళ్లుగా దుబాయ్‌లో ఉన్న మనిషి. మూడు వారాల్లో శాశ్వతంగా ఇంటికి పోవాల్సినవాడు.

"అయ్యా, కరోనాలో నన్ను బతికించినావు. నేను మర్చిపోలా. దానికి బదులు ఇంకొకరి కొంప కూలుస్తానని ఆరోజే చెప్పుంటే, నీ కారు ఎక్కకుండా ఆ గేటు కాడే పడుండేవాణ్ణి."

అయినా తొమ్మిదిమంది సంతకం పెట్టారు. అందులో అంజి ఒకడు. ఎవరి ముఖం వైపూ చూడకుండా పెట్టి వెళ్లిపోయాడు. మిగిలిన ముప్పై రెండుమందీ అక్కడే ఒక కాగితం రాసుకున్నారు. మెలాతి పేట ఖాళీ స్థలం కాదు. మేము షావుకార్లం కాదు, కూలీలం. మేము ఏ కోర్టుకూ వెళ్లలేదు, ఎవరినీ ఖాళీ చేయమనలేదు. ఒక్కొక్కరూ ఫోను ముందు నిలబడి, తమ పేరూ ఊరూ చెప్పి, ఆ మాటలు హిందీలో చదివారు. ఖాసిం ఆ వీడియో సుమియాతికి పంపాడు. తెల్లవారి పనిలోకి వెళ్తే, దుప్పటి రెండో కొస దగ్గర ఆమె నిలబడి ఉంది. ఆమె ఆ మాటల అర్థం చెప్పి పంపితే, రాత్రే వీడియోను మసీదు ముందు అందరికీ వేసి చూపించారట. వాళ్ల అమ్మ రెండుసార్లు వేయించుకుని చూసిందట.

మూడో నాటికి ఆ వీడియో కబురు ఫ్యాక్టరీ మొత్తానికి పెద్దయిన ముదీర్‌కు అందింది. ఖాసిం, సుమియాతిల వీసాలు రద్దయ్యాయి. పొద్దున్నే ఇద్దరు సెక్యూరిటీవాళ్లు వచ్చి ఖాసింను ఉన్న బట్టలతో వ్యానెక్కించారు. సుమియాతిని అప్పటికే దాన్లో కూర్చోబెట్టి ఉన్నారు. పనికి తీసుకెళ్లే బస్సులు గేటు దగ్గర వరసగా ఆగి ఉన్నాయి. యల్లా యల్లా అని డ్రైవర్లు కేకలేస్తున్నారు. ఎవరూ ఎక్కడం లేదు. రామచంద్రరావు వ్యాను పక్కన ఫోన్లో మాట్లాడుతూ నిలబడ్డాడు.

అంజి గుంపులోంచి నడిచి వచ్చాడు. వీడు బస్సెక్కితే మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఎక్కుతారని వ్యాన్లోంచి చూస్తున్న ఖాసిం అనుకున్నాడు. అంజి బస్సు వైపు పోలేదు. రామచంద్రరావు ముందర ఆగాడు.

"సారూ, నా సంతకం నాకు వాపస్ ఇయ్యి."

అది ఇండోనేషియా ఆఫీసుకు వెళ్లిపోయిందని, ఇప్పుడు కుదరదని ఆయన చెప్పాడు. అంజి వ్యాను ముందుకు పోయి నేల మీద కూర్చున్నాడు. ఫకీర్ సాహెబ్ చెప్పులు విడిచి, మోకాళ్లు పట్టుకుంటూ అతని పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు కూర్చున్నారో చెప్పడం కష్టం. ఇండోనేషియా ఆడవాళ్లు తమ బస్సు దిగి వచ్చి కూర్చున్నారు. సంతకాలు పెట్టిన మిగతా ఎనిమిదిమందీ కూర్చున్నారు. ఎండ ఎక్కినా లేవలేదు. ఆ రోజు, మర్నాడు కూడా, ఆ ఫ్యాక్టరీ నుంచి ఏ హోటల్‌కూ దుప్పటి పోలేదు.

గెలిచామని చెప్పుకునే కథ కాదిది. ఖాసిం, సుమియాతిలతో కలిపి పద్నాలుగు మందిని ఇళ్లకు పంపేశారు. ఫకీర్ సాహెబ్‌కు ఇరవై ఆరేళ్ల చాకిరీకి రావాల్సింది ఏదీ రాలేదు. ఇళ్ల పేరుతో జీతాల్లో కోత మాత్రం ఆపారు. బాయిలర్ తెలిసినవాడు ఇంకొకడు లేక అంజిని ఉంచుకున్నారు. రామచంద్రరావు అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నాడు. ఖాసింకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునేది అదే. మోసపోయానన్న బాధ కన్నా, ఆ మనిషి తెలుగు విని నమ్మానన్న సిగ్గు ఎక్కువ.

రాయచోటిలో జైబున్నీసా ఇంటి మాట ఎత్తలేదు. అన్నం పెడుతూ, "ఆ ముసలామె కొట్టు మళ్లా లేసిందా?" అని మాత్రం అడిగింది. లేచిందని చెప్పాడు. సుమియాతి వెళ్లాక అందరూ కలిసి రేకులు వేశారట. వీడియో చూసి కోర్టు వాయిదా ఇచ్చిందట. సగం పేట కూలింది, సగం నిలబడి ఉంది. కూలినవాళ్లు నిలబడిన ఇళ్లలో సర్దుకుని, పొద్దున్నే కంపెనీ బోర్డు ముందు బైఠాయిస్తున్నారట.

ఒక శుక్రవారం అంజి ఫోను చేశాడు. సెలవు రోజని దుబాయ్‌కు అవతల ఉమ్ అల్ క్వైన్‌లో ఇంకో క్యాంపుకు వెళ్లి ఉన్నాడు. రామచంద్రరావు మనుషులు అక్కడ ఇంకో ఊరి పటం పరిచారు. ఫోను కట్ చేయొద్దని చెప్పి జేబులో పెట్టుకున్నాడు. ఖాసిం, జైబున్నీసా ఫోనుకు అటొకరు ఇటొకరు చెవులానించి కూర్చున్నారు. రేవు పట్నం, తెల్లటి ఇళ్లు, వచ్చే అద్దె అంటూ ఎవరో తెలుగులో ఇంపుగా చెబుతున్నారు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత అంజి గొంతు.

"అన్నా, గా జాగల ఇప్పుడు ఎవలుంటున్నరు?"

చెబుతున్న గొంతు ఖాళీ స్థలమేనని ఏదో గొణిగింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఖాసిం ఎన్నడూ వినని గొంతు ఒకటి, గోదావరి యాసలో, వెనక వరసలోంచి పలికింది.

"ఆయన అడిగినదానికి చెప్పండి సార్. అక్కడెవరుంటున్నారండి?"