ఎవరికి చెప్పి వెళ్ళాలి

మా ఆయనకి మాట ఆపడం చేతకాదు. లిఫ్టు మెకానిక్కుగా పనిచేసినన్నాళ్ళూ చీకటి గుంటల్లో ఇనప తాళ్ళతో, కప్పీలతో ఒంటరిగా గడిపిన మనిషి. ఆ మౌనమంతా ఇంటికొచ్చి నా మీద తీర్చుకునేవారు. అందుకే వీసా ఇంటర్వ్యూకి పిలుపు రాగానే నా గుండెల్లో రాయి పడింది.

పని మానేశాక ఆయనకో కోరిక పుట్టింది. ఎక్కడో పరాయి దేశంలో మంచుకొండ మీదికి తాడు మీద నడిచే పెట్టె ఉందట. దాన్ని లాగే కప్పీ ఎంతుంటుందో కళ్ళారా చూడాలట. కప్పీ చూడ్డానికి అంత దూరమా అని నవ్వాను గానీ, మంచుని గుప్పిట్లో పట్టుకోవాలన్న ఆశ నాకూ ఉంది. పెళ్ళయినప్పటినుంచీ ఇద్దరం కలిసి పక్క ఊరు దాటి ఎరగం. ఆయనకి సెలవు దొరికితే నాకు స్కూలు యూనిఫాంల కుట్టు నెత్తిమీద ఉండేది. నాకు తీరిక దొరికితే ఎక్కడో ఎవరి లిఫ్టో ఆగిపోయేది. ఈసారి వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళలేమని నాకు తెలుసు.

ట్రావెల్ ఆఫీసు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కావలసినవన్నీ చెప్పాడు. పాస్‌పోర్టుకి గడువుండాలి, తిరుగు టికెట్టు, హోటల్ బుకింగు, ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు ఉండాలి. ఫొటోలో నవ్వకూడదు. మా ఆయన పెదవులు బిగిస్తే కళ్ళు నవ్వేవి. ఫొటోగ్రాఫరు విసుగెత్తి, పంటినొప్పి వచ్చిందనుకోండి అంటే గానీ పని కాలేదు. వేలిముద్రల దగ్గర నేను ఇబ్బంది పెట్టాను. సూదిపోట్లు తిన్న నా వేలిని ఆ యంత్రం ఓ పట్టాన ఒప్పుకోలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. టూరిస్టు వీసా ఇచ్చేవాళ్ళు మనం ఏం చూడబోతున్నామన్న దానికంటే తిరిగొస్తామా లేదా అన్నదే ఎక్కువ పట్టించుకుంటారట. మనల్ని వెనక్కి లాగేది ఏదో ఒకటి చూపించాలన్నాడు ఆ పెద్దమనిషి. సొంతిల్లో, ఉద్యోగమో, పిల్లలో. మాది అద్దె వాటా. ఆయన ఉద్యోగం అయిపోయింది. పిల్లలు పుట్టలేదు. నా కుట్టుమిషను ఎవరికి చూపించను? పెద్దమనిషి తల గోక్కుని, అడిగినదానికి మాత్రం ముక్తసరిగా జవాబు చెప్పి బయటపడమన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంట్లో మా ఆయనకి పాఠం మొదలుపెట్టాను. అవును, కాదు, అంతే. మూడో మాట వచ్చిందంటే కాలు తొక్కుతానన్నాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని తలూపారు.

ఇంటర్వ్యూ గదిలో అద్దం వెనక ఓ ఆఫీసరు, పక్కన మన భాష తెలిసిన అమ్మాయి. ఆ దేశంలోనే పెరిగిందేమో, మాటల్ని బియ్యంలో రాళ్ళలా ఏరి ఏరి పెడుతోంది. ఎక్కడ దిగుతారు, ఏం చూస్తారు అన్నవాటికి నేనే జవాబు చెప్పాను. మా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి అడిగింది.

"చూడటం అయిపోయిన తర్వాత ఆ దేశం నుంచి వెళ్ళిపోతారా?"

ఒకరి గడపలో నిలబడి వెళ్ళిపోతామని ఎవరంటారు? నా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"అయ్యో, వెళ్ళొస్తామండీ."

ఆ అమ్మాయి దాన్ని ఉన్నదున్నట్టు రెండు ముక్కలు చేసి ఆఫీసరుకి అప్పజెప్పింది. వెళ్తారట, మళ్ళీ వస్తారట. ఆఫీసరు టైపు చేయడం ఆపేశాడు. మళ్ళీ ఎందుకొస్తారు, ఎన్నాళ్ళుంటారు, అక్కడ మీకెవరున్నారు అని ప్రశ్న మీద ప్రశ్న. మళ్ళీ రామండీ అని మొత్తుకున్నాను. మరి వస్తామన్నది అబద్ధమా అని ఆ అమ్మాయి అమాయకంగా అడిగింది. మొగుడి నోటికి తాళం వేసి, నేను తీసిన గోతిలో నేనే పడ్డాను.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. కాలు తొక్కాను. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు.

"అమ్మాయ్, మన భాషలో ఎవరూ పోతామని చెప్పరు. పోయారంటే చచ్చిపోయారని అర్థం. గుమ్మం దిగితే వెళ్ళొస్తామనే అంటాం. నాది లిఫ్టు గుంటల్లోకి దిగే పని. రోజూ ఈవిడకి వెళ్ళొస్తానని చెప్పే దిగాను. చెప్పాను కాబట్టి రావాలి కదా, వచ్చాను. తిరిగొస్తారా అని మీ సారు అడుగుతున్నారు. నాకూ అదే బెంగ. ఈసారి ఇద్దరం కలిసి వెళ్తున్నాం. ఎవరికి చెప్పి వెళ్ళాలో తెలీట్లేదు."

ఇంట్లో మాకెవరూ లేరని ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నారు. వీసా చేజారిందనుకున్నాను. కానీ ఆ క్షణాన నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. చెప్పులేసుకుంటూ అలవాటుగా అనే మాటనుకున్నాను ఇన్నాళ్ళూ. దాన్ని పట్టుకుని ఆయన ఆ చీకట్లోకి దిగేవారని నాకు తెలీదు.

ఈసారి ఆ అమ్మాయి చాలాసేపు చెప్పింది. ఆఫీసరు ఆయన వంక, నా వంక చూసి, ఏదో టైపు చేసి, ఇక వెళ్ళమన్నాడు. దారంతా ఆయన్ని తిట్టాలనుకున్నాను గానీ తిట్టు ఒక్కటీ నోటికి రాలేదు.

పాస్‌పోర్టులు తిరిగొచ్చాయి. రెండింట్లోనూ వీసా అంటించి ఉంది. నేను పేజీ తిప్పి తిప్పి చూసుకుంటుంటే, మంచుకి చేతి తొడుగులు కుట్టుకోమని ఆయన తొందరపెట్టారు.

బయల్దేరే రోజు పొద్దున్న గ్యాస్ కట్టేసి, మిషను మీద దుప్పటి కప్పి, తలుపు తాళం వేశాను. కింద టాక్సీ హారన్ కొడుతోంది. ఆయన మెట్ల దగ్గర కదలకుండా నిలబడ్డారు. ఏం మర్చిపోయారని అడిగాను. ఆయన నా వైపు తిరిగారు.

"వెళ్ళొస్తానే," అన్నారు.

"వెళ్ళి రండి," అన్నాను. నా పెట్టె తీసుకుని ఆయన వెనకే మెట్లు దిగాను.